జమునత్త గుండెముద్ర

నాలుగు వందల పన్నెండో మనిషి అరచేతులు ఎత్తేసరికి తెర మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. ల్యాబులో ఉన్న తొమ్మిది మందిమీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నేను జాబితా పైనుంచి కిందికి మరోసారి చదివాను. ఒక్క తప్పూ లేదు.

"ఇక అరవొచ్చా?" అని అడిగింది కిటికీ పక్కన కూర్చున్న జమునత్త.

"అరవండి" అన్నారు మా డైరెక్టరు సోమయాజులు గారు. ఆయన అంతకు ముందెప్పుడూ ల్యాబులో ఎవర్నీ గట్టిగా తుమ్మనైనా తుమ్మనివ్వలేదు.

జమునత్త అరవలేదు. లేచి వచ్చి నా తల రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. అరిచింది మిగతావాళ్లు.

మా యంత్రం చూడ్డానికి చపాతీపీటంత ఉంటుంది. దాని మీద రెండు రాగి పలకలు. అరచేతులు రెండూ ఆరు సెకన్లు ఆనిస్తే, గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే సన్నని విద్యుత్తు అలను అది చదువుతుంది. వేలిముద్ర లాగే ఆ అల ఆకారం ఏ ఇద్దరికీ ఒకేలా ఉండదు. దానికి మేం గుండెముద్ర అని పేరు పెట్టుకున్నాం. అది మారదని తేల్చుకోవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. మనుషుల్ని నాలుగంతస్తుల మెట్లు ఎక్కించి దించాం. పచ్చిమిరపకాయలు తినిపించాం. జ్వరంతో పడుకున్నవాళ్ల ఇళ్లకు యంత్రం మోసుకెళ్లాం. హార్మోను మందులు మొదలుపెట్టక ముందు చూసి, రెండేళ్లు వాడాక మళ్లీ చూశాం. పేరు మారినా, గొంతు మారినా, ఒళ్లు మారినా గుండె గీసే గీత మాత్రం అదే.

ఈ ఆలోచన నాది కాదు, జమునత్తది.

ఆమె మా నాన్న తోడబుట్టింది. నాకు ఊహ తెలిసేనాటికి మా ఇంట్లో బాబాయి. నా ఆరో ఏట ఇల్లు వదిలి వెళ్లిపోయింది. నేను ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు జడ వేసుకుని, నేత చీర కట్టుకుని మా స్కూలు గేటు దగ్గర కనబడింది. "నన్నేమని పిలవాలో నువ్వే చెప్పు" అంది. కాసేపు ఆలోచించి "అత్తా" అన్నాను. నాన్నకు మాత్రం ఆడవరస ఎప్పుడూ నోటికి రాలేదు. ఆయన పడవ ఇంజన్ల మెకానిక్కు. కాకినాడ జగన్నాథపురంలో జమునత్తకి వలలు బాగుచేసే పాక ఉంది. అందులో ఏడుగురు హిజ్రాలు ఆమెతో పాటు పని చేస్తారు. నాన్న అక్కడికి వెళ్లి ఫ్యాన్లు బాగుచేసేవాడు, పైకప్పు సరిచేసేవాడు, అడిగినవాళ్లకు "మా తమ్ముడి పాకండి" అని చెప్పేవాడు. ఆ మాట విని జమునత్త వల ముడి ఇంకాస్త బిగించేది.

పన్నెండేళ్ల కిందట బంగాళాఖాతం చుట్టూ ఉన్న ఏడు దేశాలు ఒక ప్రయాణ ఒప్పందం చేసుకున్నాయి. వీసా అక్కర్లేదు, ఓడెక్కి దిగడమే. అందుకు బదులుగా ప్రతి రేవులోనూ ఎముకల ద్వారం వచ్చింది. దానిలోంచి నడిస్తే అది భుజాలనూ కటి ఎముకనూ కొలిచి, పాస్‌పోర్టులో ఆడ అని ఉందో మగ అని ఉందో చూసి పోల్చుతుంది. రెండూ కలవకపోతే పక్కగది. పరాయి రేవొకదాంట్లో జమునత్తను ఆ గదిలో పదకొండు గంటలు కూర్చోబెట్టారు. బట్టలు విప్పమన్నారు. చివరికి వచ్చిన ఓడలోనే వెనక్కి పంపేశారు.

ఇంటికి వచ్చాక మూడు రోజులు వలల జోలికి పోలేదు. నాలుగో రోజు నన్ను పిలిచి అంది: "నా ఎముకల్ని అడుగుతున్నారే గాని నన్నడగట్లేదే, అమ్మాయ్. ఆడా మగా అని చూడకుండా ఈ మనిషి ఈ మనిషే అని చెప్పేది ఒంట్లో ఏదీ లేదా? నువ్వు చదివిన చదువులో ఎక్కడా లేదా?"

అప్పటికి నేను గుండె అలల మీద పరిశోధన మొదలుపెట్టి ఆర్నెల్లయింది.

ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. గుండెముద్రలు ఏ సర్కారు దగ్గరా ఉండకూడదు. "జాబితా రాశారంటే ఏదో ఒకరోజు దాన్ని పట్టుకుని తలుపు కొడతారు" అంది. అందుకే ఎవరి ముద్ర వాళ్ల కార్డులోనే ఉండేట్టు చేశాం. రేవులో యంత్రం కార్డునీ అరచేతులనీ పోల్చి మరిచిపోతుంది.

యంత్రం నేను చేస్తుంటే, మనుషుల్ని కూడగట్టే పని జమునత్త చేసింది. ప్రతి ఆదివారం పదకొండింటికి వలల పాకలో గోడకి తెల్లగుడ్డ కట్టి, ఏడు దేశాలవాళ్లనూ దాని మీదికి రప్పించేది. ఎవరి భాష వాళ్లదే, ఫోను అనువాదం చేసేది. మొదటి ఆదివారమే గొడవైంది. తమలాంటివాళ్లను తమ భాషలో ఏమంటారో చెబుతూ, బంగ్లాదేశ్‌లో చట్టగ్రామ్ నుంచి పారుల్ అనే ఆవిడ హిజ్రా అంది, జాఫ్నా నుంచి ఒకామె తిరునంగై అంది, కొలంబో నుంచి ఇంకొకామె నాచ్చి అంది. మూడింటినీ ఫోను ఒకే బూతుమాటగా తెలుగులో చెప్పింది. పాకలో అందరూ లేచి నిలబడ్డారు. ఆ మాటను ఏడు భాషల్లోనూ తీయించడానికి నాలుగు నెలలు ఉత్తరాలు రాశారు, తీయించారు. ఉద్యమం గెలిచిన మొదటి గెలుపు అది. ఆ రోజు చట్టగ్రామ్‌లో పారుల్ వాళ్లు డప్పులు కొడుతుంటే ఇక్కడ మా పాకలో ఆడారు.

అలా మొదలై ఏడేళ్లలో నలభై ఊళ్లకు పాకింది. యాంగోన్‌లో జాలర్లు కలిశారు, పెనాంగ్‌లో నర్సులు కలిశారు. మా నాలుగు వందల పన్నెండో మనిషి ఫలితం వచ్చిన నెలకే ఒప్పందం సంఘం నుంచి కబురొచ్చింది. ఒక్క పరీక్షకు ఒప్పుకున్నారు. దేశానికి పదిమంది చొప్పున డెబ్బై మంది చట్టగ్రామ్ రేవులో దిగాలి. గుండెముద్రతోనే అందరినీ గుర్తుపట్టాలి. నెగ్గితే పాస్‌పోర్టులో ఆడ, మగ అక్షరాన్నీ ఎముకల ద్వారాలనూ తీసేయమని సంఘం సిఫారసు చేస్తుంది. ఒక్క తప్పొచ్చినా మళ్లీ పదేళ్ల వరకు ఆ ఊసెత్తరు. డెబ్బై కార్డులూ ముందే తీసుకుని సీలు వేశారు. పేర్లు మార్చడానికి వీల్లేదు. మొదటి కార్డు జమునత్తది.

పరీక్షకు ఇంకా ముప్ఫై రోజులున్నాయనగా, శుక్రవారం పొద్దున మన దేశం తరఫున వెళ్లే పదిమందీ ల్యాబులో అలవాటు కోసం చేతులు ఆనిస్తున్నారు. జమునత్త వంతు వచ్చింది. ఆకుపచ్చే వెలిగింది. కాని నా ముందున్న చిన్న తెర మీద గీత రెండు కొండలు ఎక్కి దిగి, చదునుగా సాగిపోయింది. ఒకటి. రెండు. మూడు సెకన్లు. తరవాత మళ్లీ కొండ లేచింది.

"అత్తా, కళ్లు తిరుగుతున్నాయా?"

"ఈమధ్య అప్పుడప్పుడూ తిరుగుతున్నాయిలే. ఎండ."

ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

మధ్యాహ్నానికల్లా డాక్టర్ నస్రీన్ దగ్గర కూర్చున్నాం. ఆవిడ కాగితం మీద గీతను వేలితో చూపించి, గుండె మధ్యమధ్య ఆగుతోందని, వారంలోగా పేస్‌మేకర్ పెట్టాలని చెప్పింది.

"నెల్రోజులాగి పెట్టించుకుంటానండి" అంది జమునత్త. "యాభై తొమ్మిదేళ్లు కొట్టుకుంది, ఇంకో నెల కొట్టుకోదా?"

"కొట్టుకోవచ్చు. మెట్ల మీద ఉండగా ఆగిపోనూ వచ్చు. పందెం కాయడం నా పని కాదమ్మా."

పేస్‌మేకర్ పెడితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. అప్పటినుంచి గుండెను కొట్టించేది ఆ పరికరం. గీత ఆకారం మారిపోతుంది. సీలు వేసిన కార్డులో ఉన్న గుండె ఆమెది కాకుండా పోతుంది. ద్వారం దగ్గర ఎరుపు వెలుగుతుంది. ఏ జబ్బు చేసిన మనిషినైనా మా యంత్రం ఇలాగే కాదనగలదని నాకు అప్పుడు తట్టింది. నాలుగు వందల పన్నెండు మందిలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లను ఒక్కరిని కూడా నేను పిలవలేదు.

సోమయాజులు గారికి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు.

"ఇప్పుడు మనం చెబితే పరీక్ష రద్దవుతుందమ్మా. చెప్పకపోతే అబద్ధమాడినట్టు కాదు, ఎవరూ అడగలేదు కదా. నెల్రోజులే. ఆవిడే ఒప్పుకుంటున్నారు."

ఆ రోజూ మర్నాడూ నేను కూడా అదే అనుకున్నాను. ముప్ఫై రోజుల్లో గుండె పూర్తిగా ఆగిపోయే అవకాశం ఎంతో కాగితం మీద వేసి చూశాను. చిన్న అంకె వచ్చింది. దాన్ని చూసి నాకు ఊరట కలిగింది. ఈ సంగతి రాయడం తేలిక కాదు, కాని జరిగింది జరిగినట్టు చెప్పాలి.

ఆదివారం పొద్దున వలల పాకకు వెళ్లేసరికి నాన్న అక్కడున్నాడు. జమునత్త స్టూలెక్కి గుడ్డ కట్టబోతుంటే రెక్క పట్టుకుని దించుతున్నాడు.

"దిగరా. నేను కడతాను. కట్టడానికి నాకు చేతుల్లేవా?"

ఆమె దిగింది. దిగి రెండడుగులు వేసి, వలల కుప్ప మీద కూలబడింది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని మమ్మల్ని చూడటం లేదు. నాలుగైదు సెకన్లే. తరవాత "ఏంటలా చూస్తారు?" అంది. నాన్న గుడ్డ పక్కన పడేసి ఆమెను పట్టుకున్నాడు. నా జేబులో ఉన్న కాగితాన్ని, దాని మీదున్న చిన్న అంకెను నలిపేశాను.

పదకొండింటికి తెర మీదికి అందరూ వచ్చారు. ఎవరూ మొదలుపెట్టకముందే నేను లేచి మొత్తం చెప్పేశాను. జమునత్త నన్ను ఆపబోయింది, ఆపలేకపోయింది. ఫోను దాన్ని ఆరు భాషల్లో చెప్పడం ముగించింది.

"దీని మాట పట్టించుకోకండి" అంది జమునత్త. "నేను వస్తున్నాను. ఏడేళ్ల కష్టం నా ఒక్కదాని వల్ల పోనివ్వను."

పారుల్ నోట్లో ఉన్న తమలపాకు తీసి పక్కన పెట్టింది. యాభై ఏళ్ల మనిషి, చట్టగ్రామ్‌లో హిజ్రాల పెద్ద ఇంటికి గురువు.

"ద్వారం దగ్గర మనవాళ్లు చావకూడదని కదా ఇదంతా మొదలుపెట్టాం" అంది. "మొదటి మనిషినే చావడానికి పంపిస్తామా? కార్డులో ఉన్న గుండె మాకెందుకు జమునా? నువ్వు కావాలి."

"ఎరుపు వెలిగితే డెబ్బై మందీ పోయినట్టేనే."

"మన ఇళ్లకు ఎరుపు కొత్తా? కాగితాలు లేకుండా, అమ్మా నాన్నా లేకుండా ఎవరో ఒకరు వచ్చి తలుపు దగ్గర నిలబడితే మనం ఏం చేస్తాం? అదే ద్వారం దగ్గరా చేద్దాం."

జమునత్త నెమ్మదిగా నవ్వింది. "నీకెవరు పూచీ అని అడుగుతాం."

"ఇక్కడా అంతే" అంది పారుల్.

"మా దగ్గరా అంతే" అంది యాంగోన్ నుంచి ఒకామె. జాఫ్నా కూడా అంతే అంది. ఇద్దరు లేచి పూచీ మేము అంటే చాలు, ఆ మనిషి ఇంటి మనిషి. ఏడు దేశాల్లోనూ ఒకటే పద్ధతి. ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టేసరికి ఫోను అనువాదం ఆగిపోయింది. అయినా ఎవరూ మాటలు ఆపలేదు. నేను నేల మీద కూర్చుని, వల కట్టే అట్ట ముక్క మీద రాసుకుంటున్నాను. యంత్రం గుర్తుపట్టనప్పుడు, అది అప్పటికే గుర్తుపట్టిన ఇద్దరు ముందుకు వచ్చి చేతులు ఆనించి పూచీ పడాలి. యంత్రంలో ఒక్క మరను కూడా తిప్పక్కర్లేదు. నియమంలో ఒక్క వాక్యం చేరితే చాలు. నా చెయ్యి ఎంత తొందరగా కదులుతోందంటే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

ఆ సాయంత్రమే సంఘానికి ఉత్తరం రాశాం. గుండెముద్ర మారదని మేం ప్రకటించింది తప్పని అందులో మొదటి వాక్యంలోనే ఒప్పుకున్నాం. సోమయాజులు గారు చాలాసేపు చేతిలో కలం పట్టుకుని కూర్చున్నారు. చివరికి సంతకం పెట్టారు. తొమ్మిదేళ్ల పరిశోధన మీద ఆయన పేరు ముందుంది, నా పేరు వెనకుంది.

మంగళవారం జమునత్తను ఆసుపత్రిలో చేర్చాం. కిటికీ దగ్గర ఉద్యోగిని నాన్నను అడిగింది.

"పేషెంటు మీకేమవుతారండి?"

నాన్న అద్దంలోంచి ఆమె ముందున్న కాగితం కేసి చూశాడు. పక్కనే చక్రాల కుర్చీలో జమునత్త గోడ కేసి తిరిగి కూర్చుంది.

"చెల్లెలండి" అన్నాడు. "సొంత చెల్లెలు."

ఆమె వెనక్కి తిరగలేదు. కుర్చీ లోపలికి తోసుకెళ్తుంటే మాత్రం అంది: "ముప్ఫై ఏళ్లు పట్టిందా అన్నయ్యా?"

"నోరు తిరగాలి కదే" అన్నాడు నాన్న.

ఆపరేషన్ బాగా జరిగింది. నాలుగో రోజు నేను యంత్రం పట్టుకెళ్లి ఆమె చేతులు ఆనించి చూశాను. ఎరుపు. ఊహించిందే. "నన్ను నువ్వు కూడా కాదన్నావా?" అని యంత్రాన్ని అడిగి, చెయ్యి తీసుకుంది.

వారం తరవాత సంఘం జవాబు వచ్చింది. అధ్యక్షురాలు శ్రీలంకకు చెందిన రిటైర్డు న్యాయమూర్తి నిరోషా విక్రమనాయక. పరీక్ష రద్దు చేయాలని ముగ్గురు సభ్యులు, వద్దని నలుగురు అన్నారట. పూచీ నియమాన్ని కూడా అదే రోజు పరీక్షిస్తామని రాసింది. షరతులు రెండు. పూచీ పడేవాళ్లు వేరే దేశాలవాళ్లై ఉండాలి. పడ్డ పూచీ అబద్ధమని తేలితే, వాళ్ల ప్రయాణపు హక్కు అయిదేళ్లు పోతుంది.

డాక్టర్ నస్రీన్ ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తనని మాట తీసుకుని ఓడెక్కనిచ్చింది. నాన్న తోడు వచ్చాడు. పారుల్ కోసం జమునత్త ఎండురొయ్యలు సంచీ నిండా కట్టించింది. ఓడలో సగం మందికి ఆ వాసనతో తల తిరిగింది.

చట్టగ్రామ్ రేవులో పెద్ద హాలు. ఒక గోడ పక్కన సంఘం సభ్యులు ఏడుగురు, మధ్యలో మా చపాతీపీట. ఎదుటి గోడ అవతల జనం డప్పులు కొడుతుంటే కిటికీ అద్దాలు అదురుతున్నాయి. పదింటికి మొదలైంది. ఆకుపచ్చ. ఆకుపచ్చ. యాంగోన్ వాళ్లు పదిమంది, పెనాంగ్ వాళ్లు పదిమంది. దాటినవాళ్లు అవతలి వైపు బల్లల మీద కూర్చుంటున్నారు. అరవై తొమ్మిదీ ఆకుపచ్చే. పూచీ పరీక్ష కోసం జమునత్తను చివరికి ఉంచారు.

జమునత్త లేవబోతుండగా న్యాయమూర్తి చెయ్యి ఎత్తి ఆపింది. పక్కతలుపు లోంచి ఒకామె వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి, నలిగిన చీర, చేతిలో ఒక కార్డు. యంత్రం మీద చేతులు పెట్టింది. ఎరుపు.

"ఈమెకు ఎవరైనా పూచీ పడతారా?" అని అడిగింది న్యాయమూర్తి.

ఆమె బల్లల కేసి తిరిగింది. "నన్ను వెనక్కి పంపేస్తారు" అంది. "నేనూ మీలాంటిదాన్నే. అక్కడికి వెళ్తే ఇంట్లోవాళ్లు చంపేస్తారు. ఒక్కరైనా చెప్పండి."

బల్లల మీద ఎవరూ కదల్లేదు. వాళ్లలో ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు తమ నోటితో అననివాళ్లు లేరు. నేను లేవబోయి నా కుర్చీనే పట్టుకున్నాను.

పారుల్ లేచి ఆమె దగ్గరికి వెళ్లింది. "ఏ ఇల్లమ్మా మీది? మీ గురువెవరు? ఒక్క పేరు చెప్పు, ఇప్పుడే కనుక్కుంటాను" అని అడిగింది. ఆమె చెప్పలేకపోయింది. పారుల్ ఆమె చెయ్యి వదల్లేదు.

"నాకు తెలియని మనిషికి పూచీ పడలేను" అంది న్యాయమూర్తితో. "కాని ఈ పిల్ల సంగతి తేలేదాకా ఇక్కడే కూర్చుంటాను. పంపితే ఇద్దర్నీ పంపండి." ఆమెను నేల మీద కూర్చోబెట్టి, పక్కనే తానూ కూర్చుని నీళ్లసీసా మూత తీసి ఇచ్చింది.

న్యాయమూర్తి ఏదో రాసుకుని, జమునత్తను పిలిచింది.

ఆరు సెకన్లు. ఎరుపు.

"ఈమెకు ఎవరైనా—"

మిగతా మాటలు ఫోను ఏ భాషలోకీ మార్చనేలేదు. బల్లలు ఒక్కసారిగా వెనక్కి జరిగిన చప్పుడైంది. వేరే దేశాలవాళ్లు అరవై మందీ లేచారు. పారుల్ ఆ పిల్లను కూడా లేపి నిలబెట్టుకుని, ఒక చేత్తో ఆమెను పట్టుకునే, "నాది ముందు, నాది ముందు" అంటూ వచ్చింది. రెండు చేతులూ కావాలని నేను చెప్పాల్సి వచ్చింది. పారుల్ తరవాత యాంగోన్ ఆమె, ఆపైన జాఫ్నా ఆమె. ఇద్దరు చాలని రేవు అధికారి చెబుతూనే ఉన్నాడు. చివరికి ఆయనే పక్కకు తప్పుకుని వరస సరిచేయడం మొదలుపెట్టాడు. అరవై మందీ చేతులు ఆనించేదాకా జమునత్త యంత్రం పక్కనే నిలబడింది. ఒక్కొక్కరికీ ఆకుపచ్చ వెలిగినప్పుడల్లా ఆమె ముఖం మీద ఆ రంగు పడింది. నాన్న సంచీ గుండెలకు హత్తుకుని, ఎండురొయ్యల వాసనలో ముఖం దాచుకుని ఏడ్చాడు.

ఆ ముప్ఫై ఏళ్లామె సంఘం ఆఫీసు ఉద్యోగిని. మమ్మల్ని పరీక్షించడానికి పంపారట. ఆమె న్యాయమూర్తి దగ్గరికి వెళ్లి, తన ఉద్యోగంలో ఇంకెప్పుడూ ఇలాంటి పని చెప్పవద్దని అడిగింది. పారుల్ ఇచ్చిన నీళ్లసీసా ఆమె చేతిలోనే ఉంది.

"యంత్రం ఒక్కటే అయితే నేను ఒప్పుకునేదాన్ని కాదు" అంది న్యాయమూర్తి తీర్పు చదివే ముందు. "పూచీ ఒక్కటే అన్నా ఒప్పుకునేదాన్ని కాదు." తరవాత చదివింది. సిఫారసుకు అయిదుగురు అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. అది వినగానే గోడ అవతల డప్పుల మోత ఇంకా పెరిగింది. పారుల్ జమునత్తను ఎత్తుకుంది. "దించవే, కుట్లున్నాయి" అంటూ జమునత్త ఆమె మెడ పట్టుకుని వేలాడింది.

ఏడాది తిరిగేలోగా అయిదు దేశాలు ఎముకల ద్వారాలు తీసేశాయి. రెండు ఇంకా తీయలేదు, అందుకే ఆదివారం సమావేశాలు ఆగలేదు. మా పరిశోధన పత్రాన్ని వెనక్కి తీసుకుని, తప్పు ఎక్కడుందో రాసి మళ్లీ వేశాం. సోమయాజులు గారికి రావలసిన పెద్ద గౌరవం రాలేదు. ఆయన ఆ ఊసెత్తరు.

మొన్న కాకినాడ రేవుకు యంత్రం తనిఖీకి వెళ్లాను. యాంగోన్ ఓడ ఎక్కడానికి జనం వరసలో ఉన్నారు. ఆ వరసలో ఇరవై ఏళ్ల హిజ్రా ఒకామె ఉంది. పెద్ద పెట్టె లాగుతూ ఫోనులో ఎవరితోనో పోట్లాడుతోంది. "ఛార్జరు నువ్వే సర్దుతానన్నావు కదే. ఇప్పుడు నేనేం చెయ్యను, ఓడలో అడుక్కోనా?" అంటోంది. తన వంతు రాగానే ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి రెండు చేతులూ పలకల మీద పెట్టింది. ఆరు సెకన్లు ఆ పోట్లాట సాగుతూనే ఉంది. తలుపు తెరుచుకుంది. ఆమె యంత్రం కేసి గాని, తలుపు కేసి గాని, నా కేసి గాని చూడలేదు. పెట్టె లాక్కుంటూ, తిడుతూ, ఓడెక్కేసింది.